వంగమొక్కలూ, మేడమీది ఆడవాళ్ళూ

ఆ రోజుల్లో ఎడారి అంటే ఏడాది పొడుగునా ఎండేనని నమ్మేవాళ్ళం. నేనొక్కదాన్నే కాదు, మా ఇంటిల్లిపాదీ. నర్సు ఉద్యోగానికి సౌదీ వెళుతున్నానంటే మా అమ్మ పెట్టె నిండా పల్చటి నూలు బట్టలూ, చెమటపొక్కుల పౌడరు డబ్బాలూ సర్దింది గానీ ఒక్క స్వెట్టరు పెట్టలేదు. (పెట్టాలంటే ముందు ఇంట్లో స్వెట్టరంటూ ఉండాలి కదా. గోదావరి కాలవ పక్కన పుట్టి పెరిగినవాళ్ళం. మాకు చలంటే క్రిస్మస్ ఆరాధనకి వెళ్ళేటప్పుడు అమ్మ కప్పుకునే శాలువా, అంతే.) తీరా అక్కడ ఉనైజా అనే ఊళ్ళో దిగాక, వేసవి చివర పౌడరు డబ్బాలు బాగానే పనికొచ్చాయి. నవంబరు దాటాక తెలిసింది అసలు సంగతి. పగలంతా కళ్ళు చెదిరే ఎండ కాస్తుంది, పొద్దు గూకడమే ఆలస్యం, ఊరు ఊరంతా తీసుకెళ్ళి ఫ్రిజ్జులో పెట్టి తలుపు వేసేసినట్టుంటుంది. ఆ చలితో నేను పెట్టుకున్న పోట్లాట ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం అది నవ్వులాట కాదు. నేను ఆ ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ ఉండాలా, పెట్టె సర్దుకుని వెనక్కి రావాలా అన్నది నాలుగు వంగమొక్కల మీద ఆధారపడి ఉంది మరి.

వంగమొక్కలకీ ఉద్యోగానికీ ఏమిటి సంబంధం అని మీరు అడుగుతారు. దానికి ముందు నా చేతుల గురించి చెప్పాలి. నా చేతులు పుట్టుకతోనే చల్లన. కొందరు ఏది పాతినా చిగురుస్తుంది, వాళ్ళ చేతి చలవ అంటారే, నాకు వచ్చింది ఆ చలవ కాదు, ఉత్త చల్లదనం. చిన్నప్పుడు నేను గులాబీ కొమ్మ గుచ్చితే ఎండిపోయింది. కాలు విరిగిన కోడిపిల్లని చేరదీసి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే తెల్లారేసరికి బిగుసుకుపోయింది. మా మేనత్త అయితే, “దీన్ని మొక్కల దరికి రానీకండే, ఇది ముట్టుకుంటే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోద్ది” అని పెళ్ళిళ్ళలో పదిమందినీ పోగేసి మరీ చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఆ తర్వాత నర్సింగు చదివాను, సౌదీ వెళ్ళాను, అక్కడ వాళ్ళు నన్ను తీసుకెళ్ళి నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డులో వేశారు. ఆ రోజు నుంచీ మేనత్త మాట గుర్తొస్తే నవ్వు రావడం మానేసింది.

ఆ వార్డు ఇన్‌చార్జి ఒక మలయాళీ ఆవిడ. అందరం చేచీ అని పిలిచేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అక్క. మొదటి రోజే నా వేళ్ళు పట్టుకుని చూసి, “అయ్యో, ఐస్! బేబీ విల్ జంప్!” అంది. చేతులు వేన్నీళ్ళలో కడుక్కుని, రుద్దుకుని, వెచ్చబెట్టుకుని పిల్లల్ని ముట్టుకోవడం అక్కడ అందరూ చేసేదే. నేనూ చేశాను. అయినా కిలో బియ్యం పొట్లమంత ఉన్న ఆ పసిగుడ్లని చూస్తే నా వేళ్ళు వణికేవి. చేచీ కనిపెట్టేసింది. నాకు పాలసీసాలు కడగడం, పాలపొడి కలపడం, గుడ్డలు మడతపెట్టడం అప్పగించి, “కోల్డ్ హ్యాండ్ నో ప్రాబ్లెమ్. ఫియర్ ఈజ్ ప్రాబ్లెమ్. ఫియర్ గో, దెన్ బేబీ గివ్” అని చెప్పేసింది. అలా నేను సముద్రాలు దాటి వచ్చి పాలసీసాలు కడుగుతూ కూర్చున్నాను.

ఆ మాటే ఇంటికి ఫోన్ చేసి చెప్పలేక, కాలింగు కార్డు అయిపోయేదాకా వంకాయల గురించి ఏడ్చాను. ఇక్కడి వంకాయ ఒక్కోటి పసిపిల్ల తలకాయంత ఉందనీ, అందులో కారం కూరడమంటే దిండులో దూది కూరినట్టనీ. మా అమ్మ వెంటనే సెలవు మీద వచ్చి తిరిగి వెళుతున్న ఒకావిడ చేతికిచ్చి మా పెరటి ముళ్ళ వంకాయ గింజలు పంపింది, పౌడరు డబ్బాలోనే. వాటిని ఖాళీ పాలపొడి డబ్బాల్లో చల్లి కిటికీ గట్టు మీద పెట్టాను. బుజ్జి బుజ్జిగా మొలిచాయి కూడాను. మొదటి అసలైన చలి వచ్చిన పొద్దున్న లేచి చూస్తే అన్నీ తలలు వాల్చేశాయి. నేను ఆ డబ్బాల ముందు కూలబడి భోరుమన్నాను.

నా గదిలో ఉండే పెద్దక్క (పాలకొల్లు పక్కావిడ, నాకంటే చాలా ఏళ్ళ ముందు వచ్చింది, అరబ్బీలో బేరాలాడగలదు, పోట్లాడగలదు) టీ గ్లాసుతో వచ్చి నిలబడింది. “ఒసేయ్, మొగుడు పోయినోళ్ళు కూడా ఇంతలా ఏడవరే. వంగనారు కోసం ఏడ్చినదాన్ని నిన్నే చూస్తన్నాను” అంది.

“నారు కోసం కాదక్కా,” అన్నాను ముక్కు తుడుచుకుంటూ. “మొక్కనే బతికించలేనిదాన్ని, ఆ పసిగుడ్లనేం బతికిస్తాను? ఇంకా కాసిని గింజలున్నాయి. మళ్ళీ వేస్తాను. ఇవి కూడా చస్తే ప్రొబేషన్ అయ్యేలోపే ఎగ్జిట్ అడిగేసి వెళ్ళిపోతాను.”

పెద్దక్క నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. “అయితే ఇంకేం, చలికాలం దాటించు చూద్దాం” అని టీ గ్లాసు నా చేతిలో పెట్టింది. అంతే. నేను పంతం పట్టాను. నాకు పంతం పట్టడం అంతకుముందు వరకూ చేతనవునని కూడా తెలియదు.

గదిలో కరెంటు హీటరు పెట్టడానికి వీల్లేదు. మా క్వార్టర్స్ చూసుకునే సౌదీ ఆవిడ, ముదీరా అనేవాళ్ళం, ఎవరి గదిలోనో హీటరు పెట్టి ఫ్యూజులు ఎగరగొట్టారని అన్నీ పట్టుకెళ్ళిపోయింది. ఇక మిగిలింది సూర్యుడు. హాస్పిటల్ బస్సు ఊరి బయట పొలాల పక్క నుంచి వెళ్ళేటప్పుడు పెద్ద పెద్ద ప్లాస్టిక్ డేరాలు కనిపించేవి, వాటిలో చలికాలం కూడా టమాటాలు, దోసకాయలు పండించేవాళ్ళు. ప్లాస్టిక్ లోపలికి పగలు ఎండ వస్తుంది, సరే, మరి రాత్రి సంగతో? అక్కడ నాకు మా ట్రైనింగు రోజులు గుర్తొచ్చాయి. కరెంటు పోయి ఇన్‌క్యుబేటరు ఆగిపోతే పసిపిల్ల చుట్టూ వేన్నీళ్ళ సీసాలు పెట్టమని మా టీచరు నేర్పింది. నీళ్ళు ఒకసారి వేడెక్కితే అంత తొందరగా చల్లారవు. అయితే పగలంతా ఎండలో నీళ్ళు కాగనిచ్చి, రాత్రి ఆ నీళ్ళనే మొక్కల పక్కన కాపలా పెడితే? డయాలిసిస్ వార్డులో మందు నీళ్ళు అయిపోయిన ప్లాస్టిక్ డబ్బాలు రోజూ గుట్టలుగా పారేసేవాళ్ళు. బస్సులో ఒళ్ళో రెండు, కాళ్ళ దగ్గర రెండు పెట్టుకుని మోసుకొచ్చాను. తోటి నర్సులు నన్ను పాలేరమ్మాయిని చూసినట్టు చూసేవాళ్ళు.

వచ్చిన చిక్కల్లా ఆ డబ్బాలు తెల్లవి. తెల్లదానికి ఎండ ఎక్కదు, నల్లగా ఉండాలి. నల్ల రంగు కొందామని బజారుకి బయలుదేరి, గేటు దగ్గర బస్సు కోసం మిట్టమధ్యాహ్నం నిలబడ్డాను. నిలబడ్డ కాసేపటికే వీపు పెనం ఎక్కినట్టయింది. చలికాలంలో కూడా! నా ఒంటి మీద ఉన్నదాన్ని నేనే చూసుకున్నాను. నల్లటి అబాయా. మెడ నుంచి మడమ దాకా. అబాయా వేసుకుని ఎండలో బస్సు కోసం నిలబడినవాళ్ళకి ఫిజిక్సు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను.

మూడు అంతస్తుల ఆడవాళ్ళ క్వార్టర్స్‌లో పాత అబాయాలకి కరువా? మోచేతి దగ్గర చిరిగినవి, బస్సు తలుపులో పడి అంచు తెగినవి, ఇస్త్రీపెట్టె కాటేసినవి, గది గదికీ తిరిగి అడుక్కొచ్చాను. ఫిలిప్పీన్ వాళ్ళవి కురచ, సూడాన్ ఆవిడది ఇద్దరికి సరిపోతుంది. నీళ్ళు నింపిన డబ్బా మీద డబ్బా ఎక్కించి, బిగుతుగా అబాయా చుట్టి, గాలికి ఊడిపోకుండా పైన మూత దగ్గర నల్ల చున్నీతో ముడి వేశాను. మేడమీద దక్షిణపు ఎండ తిన్నగా తగిలే గోడ ఒకటుంది. ఆ గోడ వారన వీటిని వరసగా నిలబెట్టాను. వాటి ముందు పాలపొడి డబ్బాల్లో, మిగిలిన గింజలు వేస్తే మొలిచిన నాలుగు మొక్కలు. పైన పాత ఇనప మంచాలు గోడకి వాలుగా చేరేసి, కొత్త పరుపులకి వచ్చే ప్లాస్టిక్ కవర్లు కుట్టి కప్పాను. పొద్దు వాలగానే పైన కంబళ్ళు, పొద్దున్నే ఎండ పడగానే కంబళ్ళు తీసేయడం. ఇదీ నా ఇన్‌క్యుబేటరు. మొక్కలకి బెడ్ వన్, బెడ్ టూ అని పేర్లు. డ్యూటీ దిగి రాగానే మేడ ఎక్కి డబ్బా మీద చెయ్యి వేసి చూసుకునేదాన్ని. సాయంత్రం దాకా వెచ్చగా ఉండేది, నా చేతికంటే ఎంతో వెచ్చగా. పెద్దక్క భోజనానికి ముందు ప్రార్థనలో, “ప్రభువా, ఈ పిచ్చిపిల్లని, దీని వంగమొక్కల్ని కూడా చల్లగా... కాదు కాదు, వెచ్చగా చూడు తండ్రీ” అని చేర్చడం మొదలుపెట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ మా వాచ్‌మన్ సంగతి చెప్పాలి. పెషావర్ పక్క ముసలాయన, గేటు దగ్గర గదిలో ఉండేవాడు. మేము దగ్గు చాచా అనేవాళ్ళం. ఆయనకి ఏ జబ్బూ లేదు. ఆడవాళ్ళుండే చోటికి మగవాడు ఊరికే రాకూడదు, వస్తున్నానని తెలిసేలా చేయాలి. అందుకని మెట్టు మెట్టుకీ దగ్గేవాడు, మలుపు మలుపుకీ “యా సాతిర్!” అని అరిచేవాడు, అంటే పరదా సర్దుకోండమ్మా అని హెచ్చరిక. ఆ దగ్గు వినగానే మేము చున్నీల కోసం పరిగెత్తేవాళ్ళం. ఆయన ఎప్పుడూ కళ్ళు నేల మీద పెట్టుకునే నడిచేవాడు. మా చెప్పులు తప్ప మా మొహాలు ఆయనకి తెలియవేమో అనిపించేది.

ఒక రోజు మేడమీది ట్యాంకులోకి నీళ్ళు ఎక్కడం ఆగిపోయింది. లోపల తేలే బంతి ఇరుక్కుపోయిందట. దాన్ని సరిచేయాలంటే చాచా పైకి వెళ్ళాలి. వెళ్ళాడు. దగ్గాడు, యా సాతిర్ అన్నాడు, తలుపు ఓ వేలెడు తీశాడు. మసక ప్లాస్టిక్ వెనక గోడ వారన నల్లటి అబాయాల్లో వరసగా ఆడవాళ్ళు కూర్చుని ఎండ కాచుకుంటున్నారు. తలుపు మూసేసి, తౌబా తౌబా అంటూ కిందికి దిగిపోయాడు. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వాళ్ళే. మర్నాడు పొద్దున్న వెళ్ళాడు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. పాపం ఆయన ప్రతిసారీ గట్టిగా దగ్గి, మర్యాదగా కొంచెంసేపు ఆగి, ఒక్కరూ లేవకపోయేసరికి దిగిపోతున్నాడు. ఇటు క్వార్టర్స్‌లో చుక్క నీళ్ళు లేవు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇదంతా జరుగుతుంటే నాకెలా తెలుస్తుంది? నేనూ అందరితో కలిసి, “ఈ చాచా ఎంత బద్ధకస్తుడే!” అని తిట్టుకున్నాను.

చివరికి ముదీరా వచ్చింది. ట్యాంకు ఎందుకు బాగుచేయలేదని కేకలేసింది. “ఊపర్ హరీం హై మేడమ్,” అన్నాడట చాచా నేలచూపులు చూస్తూ. పైన ఆడవాళ్ళున్నారని. ఎంతమంది అంటే, “బహుత్” అన్నాడట. ఏం చేస్తున్నారంటే, “కుచ్ నహీ. బైఠా హై. కల్ సే బైఠా హై.” ఏమీ చేయడం లేదు, నిన్నటి నుంచీ ఊరికే కూర్చున్నారు. ముదీరాకి ఒక్కసారిగా అర్థమైపోయింది (అర్థమైపోయిందని ఆవిడ అనుకుంది). నర్సులు స్ట్రైకు చేస్తున్నారు!

నేను డ్యూటీ దిగి బస్సులోంచి కాలు కింద పెట్టేసరికి మేడమీద నుంచి అరుపులు. మెట్ల మీద క్వార్టర్స్ అంతా గుమిగూడి ఉంది. తోసుకుంటూ పైకి వెళ్ళాను. ముదీరా నడుం మీద చేతులు పెట్టుకుని నా డబ్బాల ముందు నిలబడి వాటికి క్లాసు పీకుతోంది. “యల్లా! ఎవ్రీబడీ డౌన్! వాట్ యూ వాంట్? టాక్! ఓవర్‌టైమ్? టాక్ టు మీ!” డబ్బాలు ఉలకలేదు పలకలేదు. “యూ! విచ్ వార్డ్?” అని మధ్యలో ఉన్న సూడాన్ అబాయాని గద్దించింది. ఆ డబ్బా కూడా ఎంత మొండిదంటే, తల కూడా తిప్పలేదు. ఇంత పొగరు తన సర్వీసులో చూడలేదన్నట్టు ముదీరా మొహం ఎర్రబడి, ప్లాస్టిక్ కవరు అంచు పట్టుకుని లాగబోయింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. గాలి విసురుగా ఉంది, పొద్దు వాలుతోంది. అప్పుడు తెరిస్తే పగలంతా దాచిన వేడి పోతుంది. నాకొచ్చిన ముక్కా చెక్కా అరబ్బీలో గట్టిగా అరిచాను. “లా! తెరవొద్దు మేడమ్! చలి! లోపల బిజ్ర్! చిన్న బిజ్ర్! చచ్చిపోతాయి!”

గింజల్ని అరబ్బీలో బిజ్ర్ అంటారని బస్సు డ్రైవరు దగ్గర నేర్చుకున్నాను. ఆ పక్క చిన్నపిల్లల్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారని మాత్రం నాకెవరూ చెప్పలేదు. (పాలసీసాలు కడిగేదానికి తల్లులతో మాటలెక్కడివి?) పసిపిల్లల వార్డు నర్సు ఒకతి రొప్పుకుంటూ వచ్చి, లోపల చంటిపిల్లలున్నారు, తెరిస్తే చచ్చిపోతారు అంటే ముదీరాకి ఎలా ఉంటుంది? ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.  తర్వాత గొణుగుతూ దేవుణ్ణి తలుచుకుని, ఒక మూల మెల్లగా ఎత్తి లోపలికి తల పెట్టింది. చాలాసేపు తల బయటికి రాలేదు. వచ్చాక మొదట బెడ్ వన్‌ని చూసింది, తర్వాత ఒక అబాయా తల మీది ముడి విప్పి డబ్బా మూతని చూసింది, చివరికి నన్ను చూసింది.

“ఎష్ హాదా?” అంది. ఏమిటిది అని.

“బాదింజాన్” అన్నాను. వంకాయ. ఇంకేం చెప్పను?

మెట్ల మీద నవ్వు మొదలై కిందిదాకా పాకింది. ముదీరా మాత్రం నవ్వలేదు. నవ్వేవాళ్ళ ముందు డబ్బాలతో మాట్లాడినావిడ ఎలా నవ్వుతుంది? రేపు పొద్దుటికల్లా ఇదంతా ఖాళీ చేయాలి, ఖలాస్, అని చెయ్యి ఊపేసింది. నేను కవరుకి అడ్డంగా నిలబడ్డాను. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగనిదాన్ని, చేతులు రెండూ చాచి, మేనత్త చూస్తే గుర్తుపట్టనట్టుగా నిలబడ్డాను. అప్పుడు పెద్దక్క ముందుకొచ్చింది. ఆవిడ అరబ్బీలో ఏం చెప్పిందో నాకు బింత్, అంటే పిల్ల, అన్న మాటా, ఎగ్జిట్ అన్న మాటా తప్ప ఏమీ అందలేదు. తర్వాత గదిలో అడిగితే తెలుగులో చెప్పింది. “ఏం లేదే, ఆ మొక్కలు పోతే ఈ పిల్ల కూడా పోద్ది, ఇంకో పిల్లని ఇండియా నుంచి తెప్పించడానికి నీకెన్ని నెలలు పడతదో నువ్వే చూసుకో అన్నాను. ఆవిడకి మొక్కల మీద జాలి లేదు గానీ వీసాల బాధ బాగా తెలుసు.”

ముదీరా కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఒక అబాయా మడతలోకి చెయ్యి దూర్చి డబ్బాని తాకింది. చలిలో నిలబడి అరిచీ అరిచీ ఉందేమో, ఆ చెయ్యి వెంటనే బయటికి తీయలేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది. ఆ రెండో చెయ్యి పెట్టినప్పుడే నాకు ధైర్యం వచ్చింది. చలికాలం అయ్యేదాకా ఉండనిస్తాను గానీ వాచ్‌మన్ పనికి అడ్డం రాకూడదు అంది. ఒక అట్టపెట్టె చింపి, దాని మీద అరబ్బీలోనూ, చాచా కోసం ఉర్దూలోనూ తనే మార్కరుతో రాసి మేడ తలుపుకి కట్టించింది. “ఇక్కడ ఆడవాళ్ళు లేరు.” ఆ దేశంలో ఆడవాళ్ళకు వేరు గది, ఆడవాళ్ళకు వేరు ద్వారం అని బోర్డులు లెక్కలేనన్ని చూశాను. ఆడవాళ్ళు లేరని బోర్డు మాత్రం అదొక్కటే.

ఆ బోర్డు పుణ్యమా అని చాచా మేడమీదికి దగ్గకుండా రావడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గకుండా తిరగగలిగిన చోటు మా క్వార్టర్స్ మొత్తంలో అదొక్కటే అయింది. కానీ నాకూ అదే ఇష్టమైన చోటు కదా. డ్యూటీ దిగి, అబాయా అయినా విప్పకుండా వెళ్ళి, ప్లాస్టిక్ లోపల దూరి, డబ్బాల మధ్య వీపు ఆనించి కూర్చునేదాన్ని. స్వెట్టరు లేనిదానికి అంతకంటే సుఖం ఏముంది? ఒక సాయంత్రం అలాగే కూర్చుని కునుకు తీస్తుంటే తలుపు చప్పుడైంది. నేను లేచేలోపే చాచా మేడమీదికి వచ్చేశాడు, చంకలో ఏదో మూట. ఇప్పుడు కదిలితే ముసలాయన గుండె ఆగిపోతుంది. మొహానికి కట్టుకునే నిఖాబ్ కళ్ళ మీదికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, నేనూ ఒక డబ్బానైపోయాను.

ఆయన ఆ మూట విప్పాడు. అది ఆయన సొంత రజాయి, ఎర్ర పువ్వులది. నేను తెచ్చి పక్కన పెట్టుకున్న కంబళ్ళ కంటే ముందు దాన్నే ప్లాస్టిక్ మీద పరిచాడు. పరుస్తూ మాట్లాడుతున్నాడు. మొదట తనలో తను గొణుక్కుంటున్నాడనుకున్నాను. కాదు, మాతోనే. “బీబీ లోగ్, ఆజ్ బహుత్ ఠండ్ హోగా. జర సంభాల్‌నా.” ఈ రాత్రి చలి ఎక్కువట, కాస్త చూసుకోండి అని. తర్వాత అంచులకి ఇటుకలు పెడుతూ తన ఉర్దూలో చెప్పుకుపోయాడు. నేనుంటున్న గదిలోంచే అంతకుముందు ఇద్దరు నర్సు పిల్లలు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయారట. వాళ్ళ పెట్టెలు తనే కిందికి మోశాడట. వెనకాల ఆడపిల్ల ఏడుస్తూ వస్తుంటే పెట్టె ఎంత బరువుంటుందో మీకేం తెలుసు అన్నాడు డబ్బాలతో. “యే తీస్రా లడ్కీ బహుత్ జిద్దీ హై. ఇస్కా పేటీ మై నహీ ఉఠాయేగా.” ఈ మూడో పిల్ల మొండిది, దీని పెట్టె మాత్రం నేను మోయను, మీదే బాధ్యత, అని సూడాన్ అబాయా వైపు వేలు చూపించి మరీ అప్పగింతలు పెట్టి వెళ్ళిపోయాడు. నా చెప్పులు తప్ప ఏమీ తెలియవనుకున్న మనిషి! నేను ఆ రజాయి కింది చీకట్లో, ఏడుపు బయటికి రాకుండా పళ్ళు బిగించుకుని, చాలాసేపు డబ్బాగానే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్న మేడమీద ఎవరో మరిచిపోయిన బకెట్లో నీళ్ళ మీద అద్దంలా మంచు కట్టి ఉంది. పక్క గది వాళ్ళ కరివేపాకు కుండీ నల్లగా మాడిపోయింది. నాకు రజాయి తీయడానికి చేతులు రాలేదు. “తీయవే,” అంది పెద్దక్క వెనక నుంచి, “ఇంతసేపు నిలబడితే నేను కూడా గడ్డకట్టి నీ డబ్బాల్లో కలిసిపోతాను.” తీశాను. ప్లాస్టిక్ లోపల సన్నటి నీటి చుక్కలు, తడి మట్టి వాసన, గోరువెచ్చటి గాలి మొహానికి తగిలింది. బెడ్ ఫోర్‌కి అంచున ఒక ఆకు వాడింది, అంతే. మిగతావన్నీ తలలెత్తుకుని నిలబడి ఉన్నాయి. పెద్దక్క స్తోత్రం అంది. నేను స్నానం చేసి, బస్సెక్కి, తిన్నగా చేచీ దగ్గరికి వెళ్ళి, “గివ్ మీ బేబీ” అన్నాను. ఆవిడ నా వేళ్ళు పట్టుకుని చూసింది. ఎప్పటిలాగే ఐసు. కానీ వణకడం లేదు. “గో వార్మ్ యువర్ హ్యాండ్స్” అని, ఆ గదిలో అందరికంటే చిన్నదాన్ని నాకు అప్పగించింది. ఆ పిల్ల నన్ను బాగానే హడలగొట్టింది, ఊపిరి తీసుకోవడం మరిచిపోయినప్పుడల్లా అరికాలు నిమిరి గుర్తుచేయాల్సి వచ్చేది. ఎండలు ముదరకముందే బుగ్గలు పెంచుకుని తల్లి ఒళ్ళో ఇంటికెళ్ళింది.

వంకాయలు కూడా కాశాయి, గొప్పగా ఏమీ కాదు, వంకర టింకరగా ఒక గిన్నెడు. కారం కూరి వండి మొదట చాచాకి పంపించాం. ఆయన ఒక ముద్ద తిని, ఈసారి నిజంగా దగ్గాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాను. ఇప్పుడు మా పెరట్లో వంగమొక్కలు ఎవరూ అడగకుండానే మొలిచి, ఎవరూ చూడకుండానే కాస్తాయి. కోయడానికి నాకే బద్ధకం. అబాయాల మధ్య ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ మొండిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంత గట్టిగా నేను మళ్ళీ దేన్నీ పట్టుకోలేదు. పెళ్ళి కుదిరి ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేసే రోజున, పెట్టె కిందికి దింపమని చాచాని పిలిచాను. ఆయన పెట్టె వైపు చూసి మోకాళ్ళ నొప్పులన్నాడు. (ఆ పొద్దున్నే గ్యాస్ సిలిండరు మూడో అంతస్తుకి ఎక్కించడం నేను చూశాను.) ఆ సాయంత్రం డబ్బాలతో ఆయన అన్న మాట నేను విన్నానని ఆయనకి తెలియదు, తెలుసని నేను చెప్పలేదు. మెట్టు మెట్టుకీ ఆగుతూ నేనే దింపుకున్నాను. గేటు దగ్గర టాక్సీ ఆగి ఉంది. ఆయన నేల చూస్తూనే అడిగాడు, “రో తో నహీ రహీ, బేటీ?” ఏడవడం లేదు కదా అని. “నహీ చాచా” అన్నాను. నిఖాబ్ ఉండబట్టి సరిపోయింది. ఆయన నా మాట నమ్మి, పెట్టె ఎత్తి టాక్సీలో పెట్టాడు.